ఇసుకలో కొందరు, బురదలో కొందరు

మా కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో నేను ఎవరి చేతికీ తేలిగ్గా ఇవ్వని వస్తువు ఒకటుంది. అదొక జల్లెడ. దాని కన్ను అర మిల్లీమీటరు. మైపాడు నుంచో కృష్ణపట్నం నుంచో ఫైబర్ బోటులో వెళ్ళి సముద్రం అడుగు మట్టి తెచ్చినప్పుడు, దాన్ని ఈ జల్లెడలో వేసి, సముద్రపు నీళ్ళు పోస్తూ కడుగుతాం. వేగంగా పోస్తే మెత్తటి ప్రాణులు తెగిపోతాయి. ఓపిగ్గా కడగాలి. ఒండ్రంతా జారిపోయాక పైన మిగిలినవి చూసి కొత్తగా చేరిన పిల్లలు ప్రతి ఏడాదీ ఒకటే అడుగుతారు: "ఇవన్నీ ఆ బురదలోనే ఉన్నాయా మేడమ్?"

ఉన్నాయి. కాళ్ళలా కదిలే రోమాల కుచ్చులతో సన్నటి ఎర్ర పురుగులు, వేలిగోరు కన్నా చిన్న ఆల్చిప్పలు, ముట్టుకుంటే చేతులు విరిగిపోయే పెళుసు నక్షత్రాలు, బియ్యపు గింజంత కూడా లేని రొయ్య జాతి జీవులు, తమ గొట్టాలను తామే ఇసుక రేణువులతో అతికించి కట్టుకున్న పురుగులు. సముద్రం అడుగు మీదా, ఆ అడుగు లోపలా బతికే జీవులన్నిటినీ కలిపి శాస్త్రవేత్తలు బెంథోస్ అంటారు. అర మిల్లీమీటరు జల్లెడ మీద నిలిచేవి ఒక తరగతి. దాన్ని దాటి జారిపోయి, 63 మైక్రాన్ల జల్లెడ మీద ఆగేవి మరో తరగతి. వీటిలో కంటికి ఆనని నూలు పురుగులదే పెద్ద సంఖ్య. అంతకన్నా చిన్నవి బాక్టీరియా, ఏకకణ జీవులు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఏ జీవి ఎక్కడ ఉండాలన్నది అడుగు మట్టి, నీటిలోని ఉప్పు, ఆక్సిజన్, ప్రవాహం ఈ నాలుగూ కలిసి తేలుస్తాయి. నెల్లూరు తీరంలో ఈ నాలుగూ ఇప్పుడు మన చేతుల మీదుగా మారుతున్నాయి. మారుస్తున్న మనం, అక్కడ ఎవరున్నారో ముందుగా లెక్క రాసి పెట్టుకోవడం లేదు.

ఒడ్డు నుంచి లోతుకు

మైపాడు దగ్గర అల విరిగి వెనక్కి జారే చోట నిలబడి కాలి కింద చూడండి. అల తీసినప్పుడు ఇసుకలో చిన్న చిన్న గుంటలు పడి క్షణంలో మాయమవుతాయి. అక్కడ కోడిగుడ్డు ఆకారంలో బొటనవేలంత జీవి ఒకటి వెనక్కి తవ్వుకుంటూ ఇసుకలోకి దిగిపోయి ఉంటుంది. పేరు ఎమెరిటా. పీతకు దూరపు చుట్టం. అల వెనక్కి పోయేటప్పుడు ఈకల్లాంటి మీసాలు బయటికి చాచి, నీటిలో కొట్టుకుపోయే సూక్ష్మజీవులను పట్టి తింటుంది. దాని పక్కనే డోనాక్స్ అనే ముక్కోణపు చిన్న ఆల్చిప్ప ఉంటుంది. నిమిషానికి ఎన్నోసార్లు ఇసుక కదిలిపోయే ఈ చోట వేగంగా తవ్వగలిగినవాళ్ళకే బతుకు. పోటు ఎక్కినప్పుడు పైకి, పాటు తీసినప్పుడు కిందికి, నీటి అంచుతో పాటే ఈ రెండూ జరుగుతుంటాయి.

ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో మరో జనాభా ఉంది. ఆ సందుల్లో దూరేంత సన్నగా, పొడుగ్గా, రేణువుకు అతుక్కునే జిగురు గ్రంథులతో ఉండే జీవులవి. మన తెలుగు నేల మీద వీటి గురించి లోతుగా పనిచేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయం. వాల్తేరు బీచి ఇసుకలో బతికే సూక్ష్మజీవుల మీద పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు చేసిన పరిశోధన ప్రపంచంలో ఈ రంగం తెలిసినవాళ్ళందరికీ పరిచయమే. మనం చెప్పులతో తొక్కుకుంటూ పోయే బీచి ఇసుకలోంచి వాళ్ళు సైన్సుకు కొత్త జాతులను వెలికితీశారు.

అలలు దాటి కొన్ని బారల లోతుకు వెళ్తే ఇసుక ఇంకా కదులుతూనే ఉంటుంది. గట్టి గుల్ల ఉన్నవీ, మీదికి ఇసుక పడినా లేచి రాగలిగినవీ ఇక్కడ ఉంటాయి. నున్నటి పొడుగు గవ్వలు, బిళ్ళ ఆకారంలో ఉండే పలచటి ముళ్ళ జీవులు, ఇసుకలో పూడుకుని కళ్ళు మాత్రం బయట పెట్టే పీతలు. మన పూజగదుల్లో ఉండే శంఖం లోపల ఒకప్పుడు బతికిన నత్తది కూడా ఇసుక నేలే. మన్నారు సింధుశాఖలో ఎక్కువగా దొరికే ఆ జీవి కోరమండల్ తీరం పొడుగునా ఉంది. దాని ఆహారం ఇసుకలో దాక్కున్న పురుగులు. ఆ పురుగులు లేని చోట శంఖం ఉండదు.

ఇంకా లోతుకు పోతే అలల తాకిడి అడుగుకు చేరదు. పెన్న, స్వర్ణముఖి, కండలేరు తెచ్చిన మెత్తటి ఒండ్రు ఇక్కడ నిలుస్తుంది. ఇక్కడిది పురుగుల రాజ్యం. పాలీకీట్లనే ఈ పురుగులు బురద నేలల్లో చాలా చోట్ల జల్లెడ మీద మిగిలిన ప్రాణుల్లో సగానికి పైగా ఉంటాయి. గొట్టం నోటి దగ్గర రెండు పొడుగు మీసాలు ఆడిస్తూ బురద పైపొరను ఏరుకు తినేవి కొన్ని. తల కిందికి పెట్టి లోపలి మట్టిని మింగుతూ, తోకను పైకి పెట్టి విసర్జించేవి కొన్ని. దవడలతో తోటి పురుగులను పట్టి తినేవి కొన్ని.

ఖండపు అరుగు చివరికి వెళ్ళేసరికి ఒక విచిత్రం ఎదురవుతుంది. ఒడ్డుకు అంత దూరంలో బురదే ఉండాలి గానీ, మళ్ళీ ఇసుక, విరిగిన గుల్లలు కనిపిస్తాయి. సుమారు 20 వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. ఆనాటి తీరపు ఇసుకలివి. నేటి నదుల ఒండ్రు అంత దూరం చేరక అవి ఇంకా పూర్తిగా కప్పుకుపోలేదు. గట్టి గుల్లల మీద స్పాంజీలు, సముద్రపు విసనకర్రలు పాతుకుంటాయి. అంటే నేటి జీవులు ఎక్కడ ఉండాలో కొంత మేరకు మంచుయుగపు తీరరేఖ నిర్ణయిస్తోందన్న మాట. ముంబై వైపు ఈ అరుగు 300 కిలోమీటర్ల దాకా పరుచుకుంటే మన వైపు కొన్ని పదుల కిలోమీటర్లే. అందుకే ఇన్ని రకాల నేలలు నెల్లూరు ముందు ఇరుకైన పట్టీలుగా పక్కపక్కనే ఉన్నాయి.

అరుగు దాటాక వాలు మొదలవుతుంది. అక్కడ ఆక్సిజన్ తక్కువ. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కుమ్మరించే మంచినీళ్ళు పైన తేలికైన పొరగా పరుచుకుంటాయి. ఆ పొర కింది నీటిని పైకి రానివ్వదు, గాలిని కిందికి పోనివ్వదు. పైనుంచి రాలిన సేంద్రియ పదార్థం కుళ్ళుతూ ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. సుమారు వంద మీటర్ల కింద మొదలై కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ బాగా పడిపోయిన నీరు ఉంటుంది. ఆ నీరు అడుగును తాకే చోట పీతలు, నక్షత్రాలు తగ్గిపోతాయి. విశాలమైన మొప్పలు పెంచుకున్న కొన్ని పురుగులు, సున్నపు గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు నిలుస్తాయి. ఆ పొర దాటి ఇంకా లోతుకు పోతే ఆక్సిజన్ మళ్ళీ పెరుగుతుంది, జీవుల రకాలూ పెరుగుతాయి.

ఎవరు వెతికారు?

సముద్రం లోతున ప్రాణి ఉండదని ఒకప్పుడు పెద్ద శాస్త్రవేత్తలే నమ్మారు. 1840లలో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త మధ్యధరా ప్రాంతంలో తాను చూసినదాన్ని బట్టి, 300 బారల కింద జీవం ఉండదని ప్రతిపాదించాడు. 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాలు తిరిగిన చాలెంజర్ నౌక వేల మీటర్ల లోతు నుంచి జీవులను పైకి తెచ్చి ఆ నమ్మకానికి ముగింపు పలికింది.

మన సముద్రంలో ఆ పని చేసింది ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌక. దానిలో 1888 నుంచి కొన్నేళ్ళు వైద్యుడిగా, ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్న ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ బంగాళాఖాతం అడుగున వల ఈడ్పించి, దొరికినవాటిని వర్ణించి పెట్టాడు. 1892లో ఆయన రాసినది ఒకటి నాకు చాలా ఇష్టం. అడుగున బతికే ఒక చిన్న ముళ్ళ చేప ఒంటి మీద హైడ్రాయిడ్లనే జీవులు గుంపుగా పెరుగుతాయి. ఆ జీవులకు అతుక్కోవడానికి చోటు దొరికింది. మెత్తటి బురదలో గట్టి చోటు దొరకడం ఎంత కష్టమో తెలిస్తేనే ఆ చేప ఒళ్ళు వాటికి ఎంత విలువైనదో అర్థమవుతుంది. తన అనుభవాలను ఆల్కాక్ 1902లో పుస్తకంగా తెచ్చాడు.

లెక్కపెట్టే పద్ధతి డెన్మార్క్ నుంచి వచ్చింది. అక్కడి జలాల్లో చేపలకు అడుగున ఎంత తిండి ఉందో తేల్చాలని సి.జి. జోహన్నెస్ పీటర్సన్ 20వ శతాబ్దం మొదట్లో ఒక పరికరం చేయించాడు. రెండు దవడలు తెరుచుకుని కిందికి దిగి, అడుగు తగలగానే మూసుకుని, కొలిచినంత విస్తీర్ణంలోని మట్టిని పట్టుకొస్తుంది. ఈ రోజు మేము తాడు కట్టి దించే గ్రాబ్ దాని తర్వాతి తరానిదే. ఒకే తరహా నేల మీద ఒకే తరహా జీవుల గుంపు మళ్ళీ మళ్ళీ కనబడుతుందని ఆయన గమనించాడు. ఆయన దేశస్థుడు గున్నార్ థార్సన్ మరో అడుగు ముందుకేశాడు. జాతులు వేరైనా, ఒకే రకం నేల, ఒకే రకం లోతు ఉన్న చోట ప్రపంచమంతటా దగ్గరి బంధువులే ఉంటారని చూపించాడు.

నెల్లూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1944లో మద్రాసు విశ్వవిద్యాలయ పత్రికలో ఎం. శామ్యూల్ మద్రాసు తీరపు అడుగు జీవుల సమూహాల మీద తొలి పరిశీలనలు ప్రచురించారు. 1959లో గణపతి, లక్ష్మణరావు ఉత్తరాన ఖండపు అరుగు మీది జీవుల గురించి రాశారు. అటు మద్రాసుకీ ఇటు విశాఖకీ పెద్ద విశ్వవిద్యాలయాలున్నాయి. మధ్యలో ఉన్న మన పెన్న ముఖానికి ఏళ్ళ తరబడి ఎవరూ క్రమం తప్పకుండా రాలేదు. వచ్చినవాళ్ళు పెద్ద నౌకల మీద వచ్చి, నాలుగు చోట్ల మట్టి తీసుకుని వెళ్ళారు.

ఎందుకు అక్కడే?

మైపాడులో మమ్మల్ని బోటులో తీసుకెళ్ళే పెద్దాయన ఒకరున్నారు. గ్రాబ్ ఎక్కడ దించాలో మా జీపీఎస్ కన్నా ముందే ఆయన చెప్పేస్తారు. ఒకసారి బురద నేల కోసం వెతుకుతుంటే, "ఈడ ఇసకుండాది మేడమ్, మీకు కావాల్సిన పురుగు ఈడ బతకదు. ఇంకో రొంత తూరుపుకు పోదాం, ఆడ జెల్లలు పడతాయి గదా, ఆడుంటాది" అన్నారు. జెల్ల చేప ఎక్కడ మేస్తుందో తెలిసిన మనిషికి దాని మేత ఎక్కడ పెరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన చెప్పినదాని వెనుక సైన్సు ఇది. ఇసుక రేణువుల మధ్య నీరు పారుతుంది, ఆక్సిజన్ లోపలికి దిగుతుంది. కానీ తిండి నిలవదు. అందుకే ఇసుకలో నీటిని వడకట్టి తినేవాళ్ళు ఎక్కువ. బురదలో తిండి పుష్కలం. రేణువు ఎంత సన్ననైతే సేంద్రియ పదార్థం, బాక్టీరియా అంత ఎక్కువగా పట్టుకుంటాయి. కానీ ఆక్సిజన్ పైన కొన్ని మిల్లీమీటర్ల దాకానే. కింద నల్లటి, కుళ్ళిన గుడ్డు వాసన వేసే పొర. బురదలో ఉండాలంటే గొట్టం కట్టుకుని పైనుంచి నీరు తోడుకోవాలి, లేదా పైపొరలోనే మసలాలి.

ఈ రెండు వర్గాలూ ఎందుకు కలిసి ఉండవో 1970లో రోడ్స్, యంగ్ అనే అమెరికా పరిశోధకులు వివరించారు. మట్టి మింగే జీవులు నిరంతరం బురదను కెలికి, పైపొరను పలచగా, తేలిగ్గా చేసేస్తాయి. చిన్న అలజడికే అది లేచి నీటిని మురికి చేస్తుంది. నీరు వడకట్టి తినే ఆల్చిప్పల మొప్పలు ఆ మురికితో మూసుకుపోతాయి. వాటి పిల్లలు నిలదొక్కుకోలేవు. అలా ఒక వర్గం బతుకే మరో వర్గాన్ని అక్కడికి రానివ్వదు.

ఇక వీళ్ళంతా అక్కడికి ఎలా చేరారు? ఉష్ణ సముద్రాల్లోని అడుగు జీవుల్లో అత్యధిక శాతానికి పసితనం నీటిలో తేలుతూ గడుస్తుంది. గుడ్డులోంచి బయటపడిన లార్వా రోజుల తరబడి, కొన్ని వారాల తరబడి ప్రవాహంలో తిరుగుతుంది. దిగే వేళకు దానికి తగిన నేల కింద ఉండాలి. ఆ దిగడం కూడా గుడ్డిగా జరగదని ఇంగ్లండులోని ప్లిమత్‌లో డగ్లస్ విల్సన్ ప్రయోగాలతో నిరూపించారు. ఒఫీలియా అనే పురుగు లార్వాలకు రకరకాల ఇసుకలు పెట్టి చూశారు. రేణువుల మీద తగిన బాక్టీరియా పొర ఉన్న ఇసుకనే అవి ఎంచుకున్నాయి. నచ్చిన నేల దొరక్కపోతే పెద్దవి కావడాన్ని వాయిదా వేసుకున్నాయి కూడా.

మన తీరంలో ప్రవాహం ఏడాదికి రెండు దిక్కులు. మాఘం నుంచి వైశాఖం దాకా ఒడ్డు వెంట నీరు ఉత్తరానికి పోతుంది. ఈశాన్య ఋతుపవనాల కాలంలో దక్షిణానికి తిరుగుతుంది. కాబట్టి నెల్లూరు ముందు వేసవిలో దిగే పిల్లలు తమిళ తీరం వైపు నుంచి రావచ్చు, శీతకాలంలో దిగేవి కృష్ణా డెల్టా వైపు నుంచి రావచ్చు. మన అడుగు జనాభా మన జిల్లా హద్దుల్లో తేలే వ్యవహారం కాదు.

పెన్న వరద, పులికాట్ ముఖద్వారం

దేశంలో చాలా తీరాలకు వానకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు. నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్న, ఏడాదిలో చాలా నెలలు దాదాపు ఎండిపోయి ఉంటుంది. వాయుగుండం పట్టిందంటే మాత్రం ఊళ్ళు ముంచుతుంది. 2021 నవంబరు వరదను నెల్లూరు జిల్లా ఇంకా మరచిపోలేదు. అలాంటి వరద వచ్చినప్పుడు నది ముఖం దగ్గర ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది. లేచి పోలేని జీవుల్లో చాలా భాగం చస్తాయి. వాటి మీద కొత్త ఒండ్రు పొర పడుతుంది. ఆ ఖాళీ నేలలో ముందుగా దిగేది త్వరగా పెరిగి త్వరగా పిల్లలు పెట్టే చిన్న పురుగులు. తర్వాత వడకట్టి తినే ఆల్చిప్పలు, ఆ తర్వాత వేటాడే నత్తలు, పీతలు. వేసవి నాటికి సమూహం నిండుగా తయారవుతుంది. మళ్ళీ కార్తీకం వస్తుంది.

పులికాట్‌లో ఇది ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది. చిలకా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. లోతు చాలా తక్కువ. వానల్లో స్వర్ణముఖి, కాళంగి, ఆరణి తెచ్చే నీళ్ళతో ఉప్పు తగ్గుతుంది. వేసవిలో ఉత్తర భాగం ఎండిపోయి, మిగిలిన నీరు సముద్రం కన్నా ఉప్పగా తయారవుతుంది. సముద్రంతో దాన్ని కలిపేవి ముఖద్వారాలు. తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర ఒకటి, మన వైపు రాయదొరువు, కొండూరుపాళెం. ఒడ్డు వెంట కదిలే ఇసుక వీటిని పూడ్చేస్తూ ఉంటుంది. ముఖద్వారం మూసుకుంటే చేపలు రావని జాలర్లు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. ఆ మొరలో నేను ఇంకొకటి కలుపుతాను. లార్వాలు కూడా రావు. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు సరస్సుకు వచ్చి పెరుగుతాయి, పెద్దవై మళ్ళీ సముద్రానికి పోతాయి. గుడ్లు పెట్టడానికి మండపీత ఆడది సముద్రం వైపు పోతుంది. తలుపు మూస్తే ఆ కుటుంబం రెండు చోట్లా తెగిపోతుంది.

శీతకాలంలో పులికాట్ చూడటానికి వెళ్ళేవాళ్ళు ఫ్లెమింగోలను చూసి వస్తారు. ఆ పక్షి తల కిందులుగా పెట్టి, కాళ్ళతో బురదను తొక్కి లేపి, ముక్కుతో వడకట్టి తింటోంది అడుగు జీవులనే. సరస్సు అడుగు పాడైతే అక్కడ జరిపే ఫ్లెమింగో పండుగకు పక్షులు ఉండవు. పులికాట్ చుట్టూ నేలలో పాతకాలపు గుల్లలు పొరలు పొరలుగా దొరికేవి. ఈ ప్రాంతపు పాత ఇళ్ళ గోడలకు నునుపు తెచ్చిన గుల్ల సున్నం అలాంటి చిప్పలను కాల్చి చేసిందే. అంటే మన తాతల ఇళ్ళు నిలబడింది కూడా ఒకప్పటి అడుగు జీవుల మీదే.

వాటి పని

వానపాములు పొలాన్ని దున్నినట్టే ఈ పురుగులు సముద్రం అడుగును దున్నుతాయి. బొరియల్లోకి నీటిని తోడి ఆక్సిజన్ దింపుతాయి. పైనుంచి రాలిన చచ్చిన ఆల్గేని, మలాన్ని తిని, అందులోని నత్రజనిని, భాస్వరాన్ని మళ్ళీ నీటిలోకి వదులుతాయి. లోతు తక్కువ సముద్రంలో పైన పెరిగే సూక్ష్మ ఆల్గేకు అందే ఎరువులో మంచి భాగం కిందినుంచే వస్తుంది. ఆ ఆల్గే మీద కవళ్ళు, వాటి మీద పెద్ద చేపలు. జెల్లలు, టేకు చేపలు, గొరకలు, రొయ్యలు, పీతలు నేరుగా అడుగులోనే మేస్తాయి. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు కూడా పీతలు, నత్తలు తింటుంది.

నెల్లూరు రొయ్యల జిల్లా. చెరువుల్లో పిల్ల పోయడానికి తీరం వెంట హేచరీలున్నాయి. తల్లి రొయ్యలు బాగా గుడ్లు పెట్టాలంటే వాటికి పాలీకీట్ పురుగులు తినిపిస్తారు. ఆ పురుగుల కోసం పులికాట్ బురదను అనుమతి లేకుండా తవ్వడం మీద జాలర్లు ఫిర్యాదులు చేశారు. తెల్ల రొయ్యలు, పీతలు సహజంగా తిని పెరిగేది ఆ పురుగులనే. హేచరీకి పురుగు కావాలి, నిజమే. దాన్ని పెంచే పద్ధతులు ఉన్నాయి. పెంచి అమ్మడం ఈ తీరంలోనే ఒక జీవనోపాధి కావాలి.

ఏం మారుతోంది?

కృష్ణపట్నం ఓడరేవులో 2008లో సరుకు రవాణా మొదలైంది. రామాయపట్నంలో కొత్త ఓడరేవు పని మొదలైంది, జువ్వలదిన్నెలో చేపల రేవు వచ్చింది. పెద్ద ఓడలకు లోతు కావాలి, లోతుకు తవ్వకం కావాలి. తవ్విన చోట అడుగు జీవులు మట్టితో పాటే పోతాయి. ఆ మట్టిని పారబోసిన చోట ఉన్నవి దాని కింద పడతాయి. తవ్వకం ఆపితే చిన్న పురుగులు నెలల్లో తిరిగొస్తాయి. కానీ కాలువను మళ్ళీ మళ్ళీ తవ్వుతూనే ఉంటారు కాబట్టి, ఏళ్ళు బతికే ఆల్చిప్పలకూ సముద్రపు విసనకర్రలకూ అక్కడ ఎప్పటికీ వంతు రాదు.

అడుగున ఈడ్చే ట్రాల్ వలదీ అదే దారి. పలకలు, గొలుసులు పైపొరను గీకేస్తాయి. రాష్ట్రంలో 1994 చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడకూడదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని నిషేధానికి కారణం చెబుతారు. అది అడుగుకు కూడా విశ్రాంతి అని ఎవరూ చెప్పరు. సోనా బోట్లనే పెద్ద మరపడవలు హద్దు దాటి వస్తున్నాయని మన జాలర్లు గొడవ పడేటప్పుడు వాళ్ళు కాపాడుకునేది తమ వలలను మాత్రమే కాదు, ఆ 8 కిలోమీటర్ల అడుగును కూడా.

పెన్న మీద సోమశిల 78 టీఎంసీలు, దాని నీటితో నిండే కండలేరు 68 టీఎంసీలు. నెల్లూరు, చెన్నై గొంతులు తడిపే నీళ్ళవి, వాటిని నేను తప్పుపట్టను. కానీ నీటితో పాటు ఒండ్రు కూడా అక్కడ ఆగుతుంది. సముద్రానికి చేరే మట్టి తగ్గితే, ఏళ్ళ మీద, నది ముఖం ముందు నేల తీరే మారుతుంది. నేల మారితే జనాభా మారుతుంది.

మురుగు, చెరువుల వ్యర్థ జలం చేరే చోట మరో గుర్తు కనిపిస్తుంది. సేంద్రియ వ్యర్థం పెరిగేకొద్దీ పెద్ద జీవులు తగ్గి, చిన్నవి పెరిగి, చివరికి కాపిటెల్లా వంటి ఒకటి రెండు రకాల పురుగులే గుంపులుగా మిగులుతాయని పియర్సన్, రోసెన్‌బర్గ్ 1978లో క్రమం చూపించారు. నీటి పరీక్ష ఆ రోజు నీరు ఎలా ఉందో చెబుతుంది. అడుగు జీవులు కదలకుండా అక్కడే ఉంటాయి కాబట్టి గడిచిన నెలలన్నిటి చరిత్రా చెబుతాయి. కాలుష్యం మీద ఇంతకన్నా నమ్మకమైన సాక్షి లేదు.

లెక్క మొదలుపెడదాం

ప్రాజెక్టులకు ముందు పర్యావరణ ప్రభావ నివేదిక రాస్తారు. సాధారణంగా వానకాలం కాని ఒక ఋతువులో తీసిన సమాచారంతో సరిపెడతారు. నెల్లూరు సముద్రపు అడుగున ఏడాదిలో జరిగే అతి పెద్ద మార్పు అక్టోబరు, డిసెంబరు మధ్య జరుగుతుంది. దాన్ని వదిలేసి రాసిన లెక్క మన తీరపు లెక్క కాదు. వేసవిలో ఒక్కసారి చూసి "ఇక్కడ ఇన్ని జీవులున్నాయి" అని రాస్తే, రేపు తగ్గినప్పుడు వరద వల్ల తగ్గాయో తవ్వకం వల్ల తగ్గాయో ఎవరూ తేల్చలేరు. తేల్చలేకపోవడం వల్ల నష్టపోయేది జాలరి. పరిహారం అడగడానికి అతని చేతిలో కాగితం ఉండదు.

ఈ కాగితం తయారు చేయడానికి కావాల్సినవన్నీ మన చుట్టుపక్కలే ఉన్నాయి. కృష్ణపట్నానికి పక్కనే ముత్తుకూరులో 1991 నుంచి మత్స్య శాస్త్ర కళాశాల ఉంది. 2008లో పుట్టిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ చదువుతున్న పిల్లలున్నారు. కావలి, నెల్లూరు, గూడూరు కాలేజీల్లో జువాలజీ విభాగాలున్నాయి. గుర్తుపట్టలేని జాతి దొరికితే అడగడానికి చెన్నైలో జువలాజికల్ సర్వే వారి సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఉంది. ఏ నేల ఎక్కడుందో చెప్పడానికి ప్రతి పాళెంలోనూ పెద్దవాళ్ళున్నారు. పరికరాల ఖర్చు ఒక గ్రాబ్, రెండు జల్లెళ్ళు, ఫార్మలిన్, పురుగులకు గులాబీ రంగు పట్టించే రోజ్ బెంగాల్ పొడి, ఒక మైక్రోస్కోపు.

రామాయపట్నం నుంచి రాయదొరువు దాకా కొన్ని చోట్లను ఖాయం చేసుకుని, ఏడాదికి నాలుగు ఋతువుల్లోనూ అవే చోట్ల మట్టి తీద్దాం. ప్రతిసారీ రేణువు కొలత, ఉప్పు, ఆక్సిజన్, జీవుల పేర్లు, సంఖ్యలు రాద్దాం. ఆ పట్టికను ఎవరైనా చూడగలిగేలా తెలుగులో పెడదాం. వేటకు వెళ్ళేవాడికీ, రేవు కట్టేవాడికీ, అనుమతి ఇచ్చేవాడికీ అది ఒకటే పట్టిక కావాలి. పదేళ్ళ పాటు ఆ పని తప్పకుండా జరిగితే, ఈ తీరంలో తవ్వకం గురించి, వేట హద్దు గురించి, ముఖద్వారం గురించి వచ్చే ప్రతి తగాదాలో ఊహలకు బదులు అంకెలు మాట్లాడతాయి. ఆ అంకెలు ముందుగా జాలరి చేతికి అందాలి. ఆ నేల మీద అందరికన్నా ఎక్కువగా ఆధారపడి బతుకుతున్నది అతనే.